బ్రేకు మీద కాలు

“చంపిందెవరో మీరు తేల్చొద్దన్నా. మద్దిలేటి కాదని తేల్చండి. అది సాలు.”

రామలక్ష్మమ్మ ఈ మాట చెప్పి తల వంచుకుంది. కర్నూలులో కరుణాకర్ డిటెక్టివ్ పని మొదలుపెట్టినప్పటి నుంచి ఎందరో వచ్చి దొంగను పట్టుకోమన్నారు, హంతకుణ్ణి పట్టుకోమన్నారు. పట్టుకోవద్దని పిలిపించిన మనిషి ఈమె ఒక్కతే.

ఆళ్లగడ్డలో ఆమె భర్త ఆదినారాయణరెడ్డి పేరు చెబితే చాలామంది గొంతు తగ్గించి మాట్లాడతారు. ఆయనకు మిలిటరీ వేలంలో కొన్న జీపుంది. మద్రాసు నుంచి తెప్పించుకున్న చెక్క పడవుంది. దాన్ని మోసే రెండు చక్రాల ట్రైలరుంది. చలికాలంలో చెరువులో బాతులు దిగినప్పుడల్లా ఆ పడవను జీపు వెనక తగిలించుకుని బజారు మధ్యగా పోయేవాడు. పడవను చెరువు దగ్గరే వదిలి రావచ్చు. కానీ దాని మీద ఇంకొకరి చెయ్యి పడటం ఆయనకు గిట్టదు. తోలడం, నీళ్లలో దింపడం, తిరిగి గట్టెక్కించడం అన్నీ తానొక్కడే చేస్తానని ఆయన గొప్ప.

సోమవారం పొద్దున ఆ ట్రైలరు చక్రం కిందే, నడుము లోతు నీళ్లలో, ఆయన శవం దొరికింది. అదే రోజు సాయంత్రానికి ఇన్‌స్పెక్టర్ జనార్దనం నంద్యాల వెళ్లి, జిన్నింగు మిల్లులో పని చేస్తున్న మద్దిలేటిని పట్టుకొచ్చాడు. వేటకు తప్ప మిగతా పనులన్నిటికీ కిందటి నెల దాకా మద్దిలేటే రెడ్డి జీపు డ్రైవరు.

“మద్దిలేటిని పనిలోంచి ఎందుకు తీసేసినారమ్మా?” కరుణాకర్ అడిగాడు.

“పడవకు గీత పడింది. వాడే గీసినాడని చెర్నాకోలతో కొట్టి పంపించినాడు.”

“గీసింది వాడేనా?”

“కాదు.”

“అంత దెబ్బ తిన్నవాడికి కోపం ఉండదా?”

“ఉంటాది. ఈ ఇంట్లో దెబ్బలు తిన్నోళ్లందరికీ ఉంటాది.” ఆమె గొంతులో ఏ మార్పూ లేదు. “అయినా వాడు కాదు.”

“ఎట్ల చెప్తారు?”

“ఆ పొద్దు వాడు నంద్యాలలో ఉన్నాడు గదన్నా. మిల్లులో అందరూ చూసినారంట.”

“సోమవారం రెడ్డిగారి వెంట ఎవరు పోయినారు?”

“ఎవురూ పోలేదు. ఆయప్ప ఎప్పుడూ ఒక్కడే పోతాడు. ఊరందరికీ తెలుసు.”

మాట్లాడుతున్నంతసేపూ ఆమె కుడిచేయి కొంగు కిందే ఉంది. మజ్జిగ గ్లాసు కూడా ఎడమచేత్తోనే అందించింది. మర్యాద తెలిసిన ఇంట్లో అతిథికి ఎడమచేత్తో ఏదీ ఇవ్వరు. కరుణాకర్ గ్లాసు తీసుకున్నాడు.

“మద్దిలేటి యాడున్నాడో తెలుసా అమ్మా? స్టేషన్లో లేడన్నారు.”

“ఊరి బయట పత్తి గోదాము ఒకటి ఖాళీగా ఉంది. ఆడ పెట్టినారంట. వాని పెండ్లాం వెంకటమ్మ దినమూ సద్ది కట్టుకుని పోతాంది. తలుపు కాడనే గిన్నె తీసుకుంటారంట. లోపల అరుపులు మాత్రం బయటికే వినపడతాండాయంట.” ఆమె లేచింది. “బేగా చెయ్యండన్నా. వాడు బక్క మనిషి.”

*

చెరువు కోయిలకుంట్ల దారిలో ఉంది. ఏటవాలుగా ఉన్న కట్ట లోపలి వైపు రెడ్డి బేతంచెర్ల బండలు పరిపించి నీళ్లలోకి దారి చేయించుకున్నాడు. పైన కొంత మేర బండలు ఎండకు పొడిగా ఉన్నాయి. నీళ్ల దగ్గర మాత్రం పాచి పట్టి పచ్చగా మెరుస్తున్నాయి. జీపునూ ట్రైలరునూ పడవనూ ఎద్దులు కట్టి పైకి లాగి కట్ట మీద నిలబెట్టారు. కాపలాకు ఒక కానిస్టేబులు ఉన్నాడు. మొదట వచ్చి శవాన్ని చూసింది కూడా అతనే.

“నీవు వచ్చేసరికి బండి ఎట్లుండె?” కరుణాకర్ అడిగాడు.

“వెనక చక్రాలు నీళ్లలో ఉండె సార్. ట్రైలరు మొత్తం మునిగిపోయి ఉండె. పడవ దాని మీదనే, తాడు వదల్లేదు. లోపల నిండా నీళ్లు.”

“ఇంజను?”

“స్విచ్చి వేసే ఉండె. పొగ గొట్టంలో నీళ్లు పోయి ఆగిపోయినట్టుండాది.”

“గేరు?”

“న్యూట్రల్. ఆ సంగతి నేనే చూసినా. నాకూ బండి తోలేది వచ్చు.”

“రెడ్డి చేతిలో ఏమన్నా ఉండెనా?”

“పడవ బిరడా సార్. ఎడమ పిడికిట్లో. వేళ్లు విరిస్తే గానీ రాలేదు.”

కరుణాకర్ పడవ వెనక వంగి చూశాడు. అడుగున బొటనవేలు పట్టేంత రంధ్రం ఉంది. పడవ నీళ్లలోకి దిగే ముందు అందులో బిరడా బిగిస్తారు. గట్టెక్కిన తర్వాత లోపలి నీళ్లు కారిపోవడానికి తీస్తారు. అంటే రెడ్డి వేట ముగించుకుని పడవను పైకి లాగేశాడు. ఆ తర్వాతే పోయాడు.

అతను జీపు కింద పడుకుని హ్యాండు బ్రేకు తీగను వేళ్లతో తడిమాడు. తెగి ఉంది. తెగిన కొసలు తుప్పు పట్టి పొడిపొడిగా రాలాయి. సోమవారం తెగింది కాదు. వానలకు ముందే తెగి ఉంటుంది.

చక్రాల కింద పెట్టే అడ్డచెక్కలు రెండూ ట్రైలరు ముందున్న ఇనుప పెట్టెలో భద్రంగా ఉన్నాయి. డ్రైవరు సీట్లో, వీపు ఆనే చోట, మడతలు పెట్టిన కంబళి ఒకటి తాడుతో కట్టి ఉంది.

యుద్ధ కాలంలో కరుణాకర్ రవాణా దళంలో నాలుగేళ్లు పని చేశాడు. ట్రైలరు లాగే బండిని బురదలోనూ వాలులోనూ ఒంటరిగా నడిపిన అనుభవం అతనికి ఉంది. అనుకున్నది సరో కాదో చూసుకోవాలంటే చేసి చూడటమే దారి. పోలీసులు ఇంజను బాగు చేయించారని తెలుసుకుని, పడవను నీళ్లలో దింపుతానని కానిస్టేబులుతో చెప్పాడు.

ముందు జీపుకు ట్రైలరును తగిలించే కొక్కెం సరిగా పడిందో లేదో కాలితో తన్ని చూశాడు. అది ఊడినా బండి పోకుండా పట్టే గొలుసును తగిలించాడు. కానిస్టేబులు దగ్గరున్న బిరడా తీసుకుని బిగించాడు. పడవ ముందు కొసకు పొడుగాటి తాడు కట్టుకున్నాడు. తర్వాత నిదానంగా వెనక్కి తోలాడు. ట్రైలరు ఎటు తిరగాలో దానికి ఎదురు వైపు స్టీరింగు తిప్పుతూ, తల బయటికి పెట్టి చూసుకుంటూ, బండల మీదికి దించాడు. ట్రైలరు చక్రాలు నీళ్లు ముట్టగానే ఆపి, మొదటి గేరు వేసి ఇంజను ఆర్పాడు. దిగి అడ్డచెక్కలు పెట్టాడు. పక్కనుంచే, పడవను ట్రైలరు మీదికి లాగే తాడు చుట్టుకునే గిలక వదులు చేశాడు. పడవ జారి నీళ్ల మీద తేలింది. తాడు కొస అతని చేతిలోనే ఉంది.

చప్పట్లు వినిపించాయి.

కట్ట మీద ఇన్‌స్పెక్టర్ జనార్దనం నిలబడి ఉన్నాడు. రెండేళ్ల కిందట జనార్దనం కొట్టి ఒప్పించిన ముద్దాయిని కరుణాకర్ సాక్ష్యం కోర్టులో విడిపించింది. అప్పటి నుంచి ఆ ఇద్దరూ ఎదురుపడలేదు.

“నువ్వేందీ ఈడ? పడవ షికారుకు వచ్చినావా?”

“రెడ్డి ఎట్ల సచ్చినాడో చూస్తాండా.”

“దానికింత కష్టమెందుకు? నన్నడిగితే చెప్తా గదా. పనిలోంచి తీసేసిన డ్రైవరు పగబట్టినాడు. వేట అయ్యేదాకా తుమ్మచెట్ల చాటున కాచుకున్నాడు. రెడ్డి వెనక తట్టు నిలబడినప్పుడు వచ్చి జీపును తోసినాడు. ఒప్పుకున్నాడు కూడా.”

“చూస్తాండు,” అన్నాడు కరుణాకర్.

పడవను మళ్లీ ట్రైలరు మీదికి లాగాడు. గిలక తిప్పుతూ తాడు బిగించి, జీపెక్కి స్టార్టు చేసి, ట్రైలరు నీళ్లు దాటేదాకా పైకి తెచ్చి వాలు మీదే ఆపాడు. గేరులో ఉంచి ఇంజను ఆర్పాడు. చెక్కలు పెట్టాడు. పక్కకు నిలబడి బిరడా తీశాడు. నీళ్లు కారసాగాయి.

“ఒంటిగా చేసేవాడి పద్ధతి ఇది. వాలు మీద బండి ఉన్నంతసేపూ దాని దిగువకు పోడు. ఇంజను ఆర్పకుండా, గేరు లేకుండా సీటు దిగడు. ఇప్పుడు రెడ్డి బండి సంగతి చెప్తా విను. ఇంజను నడుస్తా ఉండె. గేరు లేదు. హ్యాండు బ్రేకు తెగి శానా దినాలైంది. అడ్డచెక్కలు తీసి పెట్టెలో పెట్టేసినాడు. ఆయన మాత్రం వెనక, దిగువన, బిరడా తీస్తా నిలబడినాడు. ఆ బండిని వాలు మీద పట్టుకునింది ఏది?”

కరుణాకర్ డ్రైవరు సీటు కిందికి వేలు చూపించాడు.

“ఒక కాలు. బ్రేకు మీద ఎవరిదో కాలు ఉండె. ఆ కాలు తీసినారు, బండి పోయింది. తోసే పనే లేదు. రెడ్డి ఒంటిగా లేడు. ఒంటిగా చేస్తానని ఊరికి చెప్పుకున్నాడు గానీ, నమ్మకంగా బ్రేకు తొక్కి కూర్చునే మనిషి ఒకరు ప్రతిసారీ ఆయన వెంట ఉండె.”

“ఆ కాలు మద్దిలేటిదే అనుకో.”

“చెర్నాకోలతో కొట్టి తరిమినవాడి కాలి కిందికి రెడ్డి తన వీపు పెడతాడా? ఆ సీటు వెనక కంబళి చూడు. మద్దిలేటి ఆరడుగులంట. రెడ్డి కూడా అంతే. ఆ కంబళి పెట్టుకుంటే వాళ్ల మోకాళ్లు స్టీరింగుకు కొట్టుకుంటాయి. పొట్టి మనిషికి కాలు అందాలని కట్టినారు దాన్ని.”

జనార్దనం మెల్లగా దిగి వచ్చాడు. సీటు వెనక కట్టిన తాడును చాకుతో కోశాడు. కంబళి తీసి, దాన్ని రెండుసార్లు తిప్పి చూసి, చెరువులోకి విసిరాడు. అది కాసేపు తేలి, నీళ్లు తాగి, కిందికి పోయింది. కానిస్టేబులు వేరే వైపు చూస్తూ నిలబడ్డాడు.

“ఇప్పుడు చూపీ,” అన్నాడు జనార్దనం.

“మద్దిలేటిని వదిలెయ్ జనార్దనం. మిల్లులో వాణ్ణి చూసినవాళ్లు పది మంది ఉన్నారు.”

“చూసినోళ్లు చూడలేదని చెప్తారు. వాడు మాత్రం ఇంక మాట మార్చడు.”

చాకు తుడుచుకుని, మడిచి, జేబులో పెట్టుకుని వెళ్లిపోయాడు.

*

కరుణాకర్ తిరిగి వచ్చేసరికి రామలక్ష్మమ్మ వెనక వరండాలో చేటలో శనగలు చెరుగుతోంది. ఆ చెరిగేది కూడా ఎడమచేత్తోనే. ఇంట్లో ఇంకెవరూ లేరు. చుట్టాలంతా దినం రోజుకు వస్తామని పోయారట.

“కుడిచెయ్యి చూపిస్తారా అమ్మా?” అన్నాడు.

ఆమె చేట పక్కన పెట్టింది. తర్వాత కొంగు తీసింది. చూపుడువేలు, మధ్యవేలు నడిమి కణుపు దాకా నలిగి అతుక్కుపోయి ఉన్నాయి.

“గిలకలో పడినాయి,” అంది. “మూడేండ్ల కిందట. నేను అరిచినానని ఆయప్ప గిలక ఆపలేదు. పడవ సగంలో ఉండె. ఆపితే జారిపోతాదని.”

“ప్రతిసారీ మీరే పోయేవారా?”

“పడవ వచ్చినప్పటి నుంచీ. తెల్లారక ముందే గుడ్డ కప్పి జీపు వెనక కూర్చోబెట్టుకుని పోతాండె. ఊరోళ్లకు తెలియకూడదు గదా. నీళ్లలో దిగి పడవ పట్టుకునేది నేను. బ్రేకు తొక్కేది నేను. అంతా అయినాక నన్ను చేన్ల గట్ల మీద నడిచి రమ్మని, ఆయప్ప బజారు మీద వస్తాండె. ఒక్కడే చేసుకొచ్చినానని అరుగు మీద చెప్తాంటే లోపల నేను తడిచీర పిండుకుంటాంటి.”

ఆమె కొంగును మళ్లీ చేతి మీదికి లాక్కుంది.

“పోయినేడు నాలుగో నెల కడుపుతో ఉండగా ఆ పాచి మీద జారి పడినా. పడవ తాడు నా చేతిలోంచి పోయింది. ఆయప్ప ముందర ఈదుకుంటా పోయి పడవను పట్టుకొచ్చినాడు. దాన్ని కట్టేసి, గీతలు పడినాయేమో చూసుకుని, అప్పుడొచ్చినాడు నా తావకి. అప్పటికి నీళ్లు ఎర్రగైనాయి.”

“సోమవారం ఏమైందమ్మా?”

“ఏమీ కాలేదన్నా. అదే చెప్తాండా. కొట్టలేదు, తిట్టలేదు. బాతులు బాగా పడినాయని సంతోషంగా ఉండె. చెక్కలు తీసి పెట్టెలో వేసి, బిరడా తీస్తా పాట పాడుకుంటాండె. నా కాలు చలికి మొద్దుబారి ఉండె. తీసినా.”

“జారిందా, తీసినారా?”

“తీసినా. ఆయప్ప వెంటనే సావలేదు. చక్రం నడుము మీదెక్కింది. తల నీళ్ల పైనే ఉండె. ‘బండి ముందుకు తీయ్’ అన్నాడు. నాకు తోలేది రాదన్నా. ఎప్పుడూ నేర్పలేదు. బ్రేకు తొక్కేది ఒక్కటే నేర్పినాడు. అదే చెప్పినా. ‘నాకు రాదు గదా’ అని. ఆయప్ప ఇంకా శానాసేపు అరిచినాడు. అరిచేకొద్దీ ట్రైలరు ఇంచింత ఇంచింత దిగతాండె. ఊరికే కూర్చుని చూసినా.”

ఎక్కడో జొన్న దంచుతున్న రోకలి పోటు వినిపిస్తోంది.

“మద్దిలేటిని విడిపించాలంటే ఈ మాట మీరు మేజిస్ట్రేటు ముందర చెప్పాల,” అన్నాడు కరుణాకర్.

“చెప్పకుండా అయ్యేటట్టుంటే అయితాదని మిమ్మల్ని పిలిపించినా. పిరికిదాన్ని. కాదంటే రేపు పొద్దున నంద్యాల బస్సుకు పోదాం. చెప్తా.”

“రేపు కాదమ్మా. ఇప్పుడే.”

ఆమె లేచి లోపలికి పోయి చీర మార్చుకుని వచ్చింది. దొడ్డి తలుపు తెరవబోతుంటే అవతలి నుంచి ఎవరో దాన్ని తోశారు. మద్దిలేటి పెండ్లాం వెంకటమ్మ. తలమీద సద్ది గిన్నె అలాగే ఉంది. మూత తీసినట్టు కూడా లేదు. చంకలో పాత చెప్పుల జత పెట్టుకుని ఉంది.

“రెడ్డెమ్మా, ఈ పొద్దు గిన్నె తీసుకోలేదమ్మా,” అంది. “వద్దన్నారు. ఇవి ఇచ్చినారు. మా ఆయప్ప చెప్పులు. మనిషిని ఇయ్యలేదు. ఎందుకని అడిగితే ఎవురూ చెప్పరు. మీరు పెద్దోళ్లు, కొంచెం అడిగి చెప్తారా అమ్మా?”

రామలక్ష్మమ్మ ఆ చెప్పుల వైపు చూసింది. కరుణాకర్ వైపు చూసింది. “వాడు మాత్రం ఇంక మాట మార్చడు” అని జనార్దనం చెరువు దగ్గర అన్న మాట గుర్తొచ్చి అతను కళ్లు దించుకున్నాడు. తాను పడవను నీళ్లలో దింపి ఎక్కించి చూసుకుంటున్నప్పటికే మద్దిలేటి లేడని అతనికి అర్థమైంది.

“అడిగే పని లేదు,” అన్నాడు జనార్దనం.

వెంకటమ్మ వెనకే దొడ్డి తలుపు దగ్గర నిలబడి ఉన్నాడు. ఆమె వెంటే వచ్చినట్టున్నాడు. “చేసిన పాపానికి సిగ్గుపడి గోదాములో పంచెతో ఉరేసుకున్నాడు. శవాన్ని సాయంత్రం ఇస్తారు. రెడ్డెమ్మా, నీ మొగుణ్ణి చంపినోడికి దేవుడే శిక్ష వేసినాడు. కేసు అయిపోయింది.”

వెంకటమ్మ తలమీది గిన్నె దించి, ఒలకకుండా జాగ్రత్తగా నేల మీద పెట్టింది. తర్వాత దాని పక్కనే కూలబడింది. ఏడవలేదు. చెప్పులను ఒళ్లో పెట్టుకుని వాటి మట్టి తుడవసాగింది.

రామలక్ష్మమ్మ ఆమె ఎదురుగా కూర్చుంది.

“నీ మొగుడు ఏమీ చెయ్యలేదు వెంకటమ్మా. రెడ్డిని నేను సంపినా. బ్రేకు మీద కాలు తీసినా. నాలుగు దినాలు నోరు మూసుకున్నా. మద్దిలేటిని కూడా నేనే సంపినట్టు.” తలెత్తి ఇన్‌స్పెక్టర్ వైపు చూసింది. “కొట్టింది ఈయప్ప.”

వెంకటమ్మ తుడవడం ఆపింది. ఇద్దరి మొహాలూ మార్చి మార్చి చూసింది. చెప్పు ఒకటి చేతిలోకి తీసుకుంది. ఎవరి మీద విసరాలో తెలియనట్టు దాన్ని అలాగే పట్టుకుని ఉండిపోయింది.

“నేనూ విన్నా జనార్దనం,” అన్నాడు కరుణాకర్. “ఇది కోర్టులో చెప్తా. గోదాము సంగతి కూడా చెప్తా.”

జనార్దనం నెమ్మదిగా లోపలికి వచ్చి దొడ్డి తలుపు మూశాడు. గడియ వేశాడు. అతని మొహంలో కోపం లేదు. లెక్క చూసుకుంటున్నవాడిలా ముగ్గురినీ ఒక్కొక్కరినీ చూశాడు. తర్వాత వీధి వైపు తిరిగి, ముంగిట్లో తాను కాపలా పెట్టి వచ్చిన కానిస్టేబులుకు వినపడేటట్టు కేక వేశాడు.

“ఒరే, బజార్లోకి పోయి చెప్పు. రెడ్డి పెండ్లాం దుఃఖం పట్టలేక చెరువు కాడికి పరిగెత్తింది. ఆపేదానికి కర్నూలు ఆయనా, మద్దిలేటి పెండ్లామూ వెంట పోయినారు. ముగ్గురూ నీళ్లలో పడినారంట, ఎవురూ తేల్లేదంట అని చెప్పు.”

ముగ్గురూ ఇంకా ఆ వరండాలోనే ఉన్నారు.